బోర్డు కట్టని వైద్యం

పోయిన నెల విజయవాడలో అక్క ఇంటికి వెళ్ళాను. శుభవార్త విని వెళ్ళినదాన్ని, గుమ్మంలో అడుగు పెట్టగానే పరామర్శకు వచ్చినట్టు అనిపించింది. అక్క కూతురికి పీజీ సీటు వచ్చింది. దాని ర్యాంకుకు పిల్లల వైద్యం దొరుకుతుందట, తర్వాతి విడత దాకా ఆగితే గైనకాలజీ కూడా రావచ్చట. ఆ పిల్ల రెండూ వద్దనుకుని కమ్యూనిటీ మెడిసిన్, అంటే ఒక్కొక్క రోగిని కాక జనం మొత్తం ఆరోగ్యాన్ని చూసే చదువు, పెట్టుకుంది. డాక్టర్లు 'ఎస్పీఎం' (సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్) అని కాస్త గొంతు తగ్గించి పలికే బ్రాంచి అది.

బావగారు పేపరు పట్టుకుని కూర్చున్నారు, పేజీ మాత్రం తిప్పడం లేదు. వాళ్ళ పెదనాన్నగారు ఒక్క మాట అన్నారు: "బోర్డు కట్టుకోలేని చదువు ఎందుకమ్మా?" ఎవరూ బదులు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. 26 ఏళ్ళుగా గుంటూరులో బడిపిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నదాన్ని నేను. ఆ పిల్ల ఆశగా నా వైపు చూస్తే, "ఇంకోసారి ఆలోచించుకో తల్లీ" అన్నాను. దాని ముఖం చిన్నబోయింది. తిరుగు బస్సు కృష్ణ దాటుతుంటే ఆ ముఖమే కళ్ళ ముందు మెదిలింది.

ఇంకోసారి ఆలోచించాల్సింది నేనే అనిపించి, నెల రోజులు ఆలోచించాను. తల్లులకు, పసిబిడ్డలకు వచ్చే అంటురోగాలను వెతికి, లెక్కగట్టి, కారణం తేల్చే పనిని మనం వైద్యం కింద జమ కట్టడం లేదు. అది తప్పు. ఆ పని కూడా వైద్యమే, చాలాసార్లు చీటీ రాసే వైద్యానికి దారి చూపేదే అదే. అయితే ఈ మాటకు ఒక షరతు ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

సూర్యారావుపేటలో దొరకనిది

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో తలెత్తి చూస్తే ఆకాశం కనిపించనన్ని డాక్టర్ల బోర్డులు. కాన్పుకు చోటు దొరకని రోజులు పోయాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 100 కాన్పుల్లో 96కు పైగా ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. వాటిలో సిజేరియన్లు 42 శాతం. అదే సర్వేలో మరో అంకె ఉంది: మన గర్భిణుల్లో సగానికి పైగా, దాదాపు 54 శాతం మందికి, రక్తహీనత.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఇన్ని ఆపరేషన్ థియేటర్లు ఉన్న చోట, పైసా ఖర్చు లేకుండా ఇచ్చే ఐరన్ మాత్ర ఒంటికి పట్టడం లేదు. ఎందుకు? ఏ బోర్డు కింద కూర్చున్న డాక్టరుకూ ఆ ప్రశ్న వేసుకునే తీరిక ఉండదు.

యల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరం బిడ్డ అని ఏటా మా పిల్లలకు గర్వంగా చెబుతాను. ఒంట్లో రక్తం పట్టడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో తయారు చేసింది. ఆ కథకు ముందుభాగం ఒకటుంది, దాన్ని ఇన్నేళ్ళూ నేను చెప్పలేదు. లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు తీవ్రమైన రక్తహీనత ఎందుకు వస్తున్నదో వెతికారు. వాళ్ళు ఏం తింటున్నారో ఆరా తీశారు. ఈస్టు సారం పెడితే తగ్గుతున్నదని 1931లో ప్రకటించారు. తర్వాత ఫోలిక్ ఆమ్లమని తేలిన వస్తువు జాడ అది. బొంబాయి బస్తీల్లో ఆ వాకబు జరగకపోతే, అమెరికా ప్రయోగశాలలో దేని కోసం వెతకాలో తెలియడానికి ఇంకెంత కాలం పట్టేదో.

మా అక్క కూతురు హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక పేటలో ఇళ్ళకు వెళ్ళింది. ఒక ఇంట్లో బియ్యం డబ్బా అడుగున ఎర్ర ఐరన్ మాత్రల అట్టలు, ఒక్కటీ విప్పనివి, వరసగా పేర్చి ఉన్నాయట. అవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని అత్తగారు దాచిపెట్టింది. "పిన్నీ, మాత్రలు ఇచ్చినట్టు రిజిస్టరులో ఉంది. మింగినట్టు ఎక్కడా లేదు" అన్నది అప్పుడు ఫోన్లో. ఆ మాట విని ముచ్చటపడ్డాను గానీ, అది ఒక జీవితకాలపు ప్రశ్న అవుతుందని అనుకోలేదు.

మా వీధిలో ఒక గర్భిణి

ఈ వ్యాసం రాయించినది నిజానికి ఈ సంగతే. 2000 దాటిన తొలి ఏళ్ళలో, మా వీధిలో ఆరిళ్ళ అవతల ఒక అమ్మాయి ఉండేది. రెండో కాన్పు, ఏడో నెల. మొదటి నుంచీ చూపించుకుంటున్న ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో రక్తపరీక్ష చేశారు. మర్నాడు ఫైలు చేతికిచ్చి, పెద్దాస్పత్రికి వెళ్ళమన్నారు. కారణం చెప్పలేదు. అంతకుముందు భుజం మీద చెయ్యి వేసి మాట్లాడే నర్సు, ఆ రోజు బల్లకు అవతలే నిలబడిందట. పెద్దాస్పత్రిలో కౌన్సెలరు చెప్పేదాకా ఆ అమ్మాయికి తనకు ఎయిడ్స్ వైరస్ సోకిందని తెలియదు.

కాన్పు సర్కారు ఆస్పత్రిలోనే జరిగింది. నొప్పుల వేళ తల్లికి ఒక నెవిరాపిన్ మాత్ర, పుట్టాక బిడ్డకు అదే మందు చుక్కలు. ఆ కాస్త మందుతో ఎందరో పిల్లలకు వైరస్ సోకకుండా ఆపవచ్చని 1999లో ఉగాండా పరిశోధన చూపించింది. ఇప్పుడు అంతకంటే మంచి పద్ధతి వచ్చింది, తల్లికి జీవితాంతం మందులు ఇస్తున్నారు. మా వీధి బిడ్డకు ఏడాదిన్నర నిండాక చేసిన పరీక్షలో వైరస్ లేదని తేలింది. ఆ రోజు ఆ తల్లి మా ఇంటికి వచ్చి, ఏమీ చెప్పకుండా మా అమ్మ పక్కన చాలాసేపు కూర్చుని వెళ్ళింది.

ఆ రోజుల్లో గుంటూరు జిల్లా పేరు ఎయిడ్స్ లెక్కల్లో మారుమోగుతుండేది. ఆ లెక్క ఎలా కట్టేవారో నాకు చాలా కాలం తర్వాత గాని తెలియలేదు. ఏటా కొన్ని నెలలు, సర్కారు ఆస్పత్రులకు వచ్చే గర్భిణుల నుంచి వేరే పరీక్షకు తీసిన రక్తంలో మిగిలినదాన్ని, పేరు లేకుండా పరీక్షించేవారు. సుఖవ్యాధుల క్లినిక్కుల అంకెలు కూడా కలిపేవారు. దాని నుంచి జిల్లా అంతటికీ అంచనా వేసేవారు. అంటే క్యూలో నిలబడిన గర్భిణే జిల్లాకు కొలబద్ద.

హైదరాబాదు నుంచి ప్రజారోగ్య పరిశోధకుడు లలిత్ దండోనా నాయకత్వంలో ఒక బృందం 2004-05లో గుంటూరు జిల్లాకు వచ్చి, ఈ కొలబద్దనే కొలిచింది. పల్లెల్లో, పట్నాల్లో ఇంటింటికీ వెళ్ళి, వేలి కొసన సూదితో గుచ్చి తీసిన రక్తపు చుక్కలను కాగితం మీద ఆరబెట్టి పరీక్షించారు. 12,617 మంది ఇచ్చారు. 2006లో ఫలితం వెలువడింది: అధికారిక పద్ధతిలో వచ్చే అంచనా, ఇళ్ళలో కనిపించిన వాస్తవానికి దాదాపు రెండున్నర రెట్లు ఉంది.

ఎందుకో కూడా వాళ్ళు వెతికారు. సుఖవ్యాధుల క్లినిక్కుల అంకెలు కలపడం ఒకటి. సర్కారు ఆస్పత్రికి పేదవారే ఎక్కువగా రావడం ఇంకొకటి. మూడోది చదివినప్పుడు కాసేపు చదవడం ఆపేశాను. వైరస్ ఉన్నవాళ్ళను, ఉందని అనుమానం ఉన్నవాళ్ళను ప్రైవేటు డాక్టర్లు సర్కారు ఆస్పత్రులకు పంపించేయడం. అంటే మా వీధి అమ్మాయికి జరిగినది. ఆ గుమ్మంలో ఆమెకు జరిగిన అవమానం, ఆమెలాంటి ఎందరికో జరిగి జరిగి, జిల్లా లెక్కలోకి ఎక్కింది. అందరినీ తరిమి ఒక చోట పోగేసి, ఆ చోటే జిల్లా అంతా అనుకున్నాం.

మరుసటి ఏడాది, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రక్తపరీక్షలు కూడా తోడయ్యాక, దేశం మొత్తం అంచనానే 50 లక్షలకు పైనుంచి 25 లక్షలకు దిగింది. లెక్క తగ్గితే నిధులూ తగ్గుతాయనే భయం అప్పట్లో వినిపించింది. ఆ భయంలో నిజం లేకపోలేదు. అయినా తప్పు లెక్క మీద కట్టిన సాయం ఎవరి గుమ్మానికి చేరుతుంది? గర్భిణిని వెనక్కి పంపుతున్నారన్న సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, జాలిపడ్డాం, మరిచిపోయాం. 12,617 చుక్కలు ఆరబెట్టినవాళ్ళు దాన్ని ఎవరూ కాదనలేని సాక్ష్యంగా మార్చారు. ఈ పనికి వైద్యం అనే పేరు ఎందుకు ఇవ్వకూడదో నాకు అర్థం కాదు.

సగం మార్కుల టీకా

బావగారు చదువుకున్న మనిషి, ఊరికే కోప్పడే రకం కాదు. ఆ రోజు భోజనాల దగ్గర ఆయన అడిగారు: "పసిపిల్లల విరేచనాలకు రోటావైరస్ టీకా అని గొప్పగా చెబుతారు. అది 54 శాతమే పనిచేస్తుందట కదా. 30 ఏళ్ళు కష్టపడి సగం మార్కులా?"

అంకె నిజమే. 1985-86లో ఢిల్లీ ఎయిమ్స్ పసిపిల్లల వార్డులో బిడ్డలకు రోటావైరస్ సోకినా విరేచనాలు కాకపోవడం మహారాజ్ కిషన్ భాన్, ఆయన తోటివారి కంట పడింది. జబ్బు చేయని ఆ వైరస్ రకమే తర్వాత టీకాకు మూలమైంది. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారు చేసింది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువుల మీద జరిగిన పరీక్ష ఫలితం 2014లో వచ్చింది. 2016లో జాతీయ టీకా కార్యక్రమంలో చేరినప్పుడు తొలి నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఇప్పుడు మన అంగన్‌వాడీ దగ్గర ఆరో వారంలో బిడ్డ నోట్లో వేసే చుక్కల వెనుక ఉన్న కాలం అది.

54 ఎందుకు, 90 ఎందుకు కాదు? దీనికి జవాబు వెల్లూరు పేదల పేటల్లో దొరికింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ శాస్త్రవేత్త గగన్‌దీప్ కాంగ్ బృందం అక్కడ 373 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా వెంబడించింది. వారానికి రెండుసార్లు ఇంటికి వెళ్ళడం, విరేచనమైతే నమూనా తీసుకోవడం. అంతకుముందు మెక్సికోలో ఇలాగే వెంబడించి చూసినప్పుడు, రెండుసార్లు వైరస్ సోకిన పిల్లలకు ఆ తర్వాత తీవ్రమైన జబ్బు రాలేదు. వెల్లూరు పిల్లలకు మూడుసార్లు సోకినా పూర్తి రక్షణ రాలేదని 2011లో తేలింది. మన పేటల్లో బిడ్డ పుట్టగానే ఎదుర్కొనే క్రిముల దాడి వేరు. సహజంగా సోకిన వ్యాధే ఇవ్వలేని రక్షణను చుక్కల మందు ఇవ్వలేదని టీకాను తప్పుపట్టడం న్యాయమా? పేద దేశాల్లో ఇతర రోటా టీకాల ఫలితమూ ఇంచుమించు ఇలాగే ఉంది.

నన్ను కదిలించినది శాతం కాదు, ఆ రాకపోకలు. వారానికి రెండుసార్లు, మూడేళ్ళు. వాన పడినా, తల్లి విసుక్కున్నా, బిడ్డకు ఏమీ లేకపోయినా. 2019లో కాంగ్ బ్రిటన్‌లోని పేరున్న శాస్త్ర సంస్థ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైనప్పుడు, ఆ గౌరవం పొందిన తొలి భారతీయ మహిళా శాస్త్రవేత్త అని పేపర్లు రాశాయి. ఆ తలుపులు తట్టిన క్షేత్ర కార్యకర్తల పేర్లు నాకు తెలిస్తే ఇక్కడ రాసేదాన్ని.

బావగారి మాటలో ఉన్న నిజం

ఇక్కడిదాకా చదివి, ఇదంతా గొప్పవాళ్ళ కథ అనుకునేవారు ఉంటారు. బావగారి అసలు బాధ టీకా గురించి కాదు. ఆ రాత్రి డాబా మీద ఆయన నాతో మెల్లగా చెప్పారు. చదువు అప్పు ఇంకా ఉంది. పరిశోధన ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువే, ప్రాజెక్టు అయిపోతే ఇంటికే. "అర్ధరాత్రి బిడ్డకు ఫిట్సు వస్తే తల్లి ఎవరి దగ్గరికి పరిగెత్తుతుంది? దీని లెక్కలు తేలేసరికి ఆ బిడ్డ పెద్దవాడవుతాడు, లేదా ఉండడు." ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ అర్ధరాత్రి డాక్టరే కావాలి. మా పిల్ల ఆ డాక్టరు కాకపోవడం వల్ల ఒక నష్టం ఉంది, దాన్ని ఒప్పుకోకుండా వాదించడం నిజాయతీ కాదు. ఆ నష్టాన్ని భరించి చేసే పని కనుకనే, సీటు రాక అందులో చేరినవాళ్ళతో కాకుండా, కోరి వచ్చినవాళ్ళతో అది నిండాలని అంటున్నాను.

రెండో సందేహం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పరిశోధన పేరుతో పేదల దగ్గర తీసుకోవడమే గాని ఇవ్వడం తెలియని పద్ధతి ఒకటి ఉంది. 2009లో అప్పటి మన ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి చూశారు. వారిలో ఎందరో గిరిజన హాస్టళ్ళ పిల్లలు. తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన చోట వార్డెన్లు చేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు, టీకా మంచిదే. అయినా 2010లో కార్యక్రమం ఆగిపోయింది. 2013లో పార్లమెంటరీ సంఘం అనుమతులు తీసుకున్న తీరును తీవ్రంగా తప్పుపట్టింది. మంచి మందును కూడా అడగకుండా ఇస్తే అది అన్యాయమవుతుందని నా దగ్గర చదివే తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ ఉదాహరణతోనే చెబుతాను.

అంత పెద్దది కాకపోయినా మా వీధిలోనూ ఒకటి జరిగింది. కొన్నేళ్ళ కిందట ఇద్దరు అమ్మాయిలు ట్యాబ్లెట్లు పట్టుకుని వచ్చి, పసిపిల్లల బరువు తూచి, వేలి రక్తం తీసుకుని, రిపోర్టు మేమే తెచ్చి ఇస్తామని చెప్పి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఎదురింటి చిన్న కోడలు రెండు నెలలు అడుగుతూనే ఉంది, "టీచరు గారూ, వాళ్ళు ఎప్పుడు వస్తారు?" అని. ఆ తర్వాత ఏ సర్వే వచ్చినా ఆ ఇంటి తలుపు తెరుచుకోలేదు. వచ్చినవాళ్ళ తప్పు వాళ్ళకు తెలియను కూడా తెలియదు. వాళ్ళ లెక్కలో ఆ ఇల్లు 'నిరాకరించారు' అనే గడిలోకి పోయి ఉంటుంది.

నా షరతు ఇదే. రక్తం తీసుకున్న గుమ్మానికి మళ్ళీ వెళ్ళాలి. చెడ్డ ఫలితమైనా చెప్పాలి, ఏమీ తేలకపోతే అదైనా చెప్పాలి. ఈ మాట మా పిల్లకు చెబితే అది కాసేపు ఆగి, "దానికి ప్రాజెక్టులో డబ్బు పెట్టరు పిన్నీ" అన్నది. మరి పెట్టించాలి. మొదటి రోజు రాసే ప్రతిపాదనలోనే తిరుగు ప్రయాణం ఖర్చు ఉండాలి.

పుట్టింటికి వెళ్ళిన లెక్క

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడను ముంచేసినప్పుడు ఆ పిల్ల హౌస్ సర్జన్. నీరు తీశాక సింగ్‌నగర్ వైపు వైద్య శిబిరంలో పడింది దాని డ్యూటీ. జ్వరాలు, విరేచనాలు ఉన్నవాళ్ళను ఇంటింటికీ వెళ్ళి చూడటంతోపాటు, గర్భిణుల జాబితా చేతికిచ్చి ఒక్కొక్కరినీ కలిసి రమ్మన్నారట. జాబితాలో ఉన్నవాళ్ళలో చాలామంది ఇళ్ళలో లేరు. జాబితాలో లేని నిండు గర్భిణులు మాత్రం కనిపించారు.

దానితో వెళ్ళిన ఇద్దరు వరదకు భయపడి వెళ్ళిపోయారనుకున్నారు. ఆశా కార్యకర్త నవ్వి, "వరద కాదమ్మా, శ్రీమంతాలు" అన్నదట. ఏడో నెలలో శ్రీమంతం చేసి పుట్టింటికి తీసుకువెళతారు. ఈ పేట కోడళ్ళు నూజివీడుకో గుడివాడకో వెళ్ళారు, ఈ పేట ఆడపిల్లలు కాన్పుకు ఇక్కడికి వచ్చారు. చూపించుకున్నది ఒక చోట, కన్నది ఒక చోట, బిడ్డకు మూడో నెల వచ్చాక టీకా ఇంకో చోట. కాన్పయ్యాక తల్లికి జ్వరం వచ్చినా, బిడ్డకు బొడ్డు చీము పట్టినా అది ఏ ఊరి లెక్కలోకి వస్తుంది? తల్లికీ బిడ్డకూ ఇన్ఫెక్షను ముప్పు ఎక్కువగా ఉండే ఆ కొద్ది వారాలే మన రిజిస్టర్లలో జారిపోతున్నాయి.

ఇది తెలియని పరిశోధకుడు ఎంత గొప్పవాడైనా, ఎంత దూరం నుంచి వచ్చినా, మన తల్లుల లెక్క తప్పుతాడు. "కనిపించలేదు" అని రాసుకుని వెళ్ళిపోతాడు. పుట్టింటి మాట తెలిసినవాళ్ళు, వదినగారి ఫోను నంబరు అడిగి తీసుకోగలవాళ్ళు, అత్తగారి ముందు ఏది అడగకూడదో ఎరిగినవాళ్ళు ఈ పని చేయాలి. గుంటూరు, విజయవాడల నుంచి ఏటా వందలమంది పిల్లలు డాక్టర్లవుతున్నారు. వారిలో పదిమందైనా ఇటు రావాలని నేను కోరుకోవడం అత్యాశ కాదు.

బావగారికి ఇదంతా చెప్పాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఫీజు మాత్రం కట్టారు.

అమ్మమ్మ దగ్గర

కాలేజీలో చేరే ముందు ఆశీర్వాదానికని ఆ పిల్ల గుంటూరు వచ్చింది. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది, 82 ఏళ్ళు. ఏం చదవబోతున్నావని అమ్మ అడిగితే, "పసిబిడ్డలు ఎందుకు చనిపోతారో కనుక్కునే చదువు అమ్మమ్మా" అని చెప్పింది. అమ్మ చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చుని, "నాకూ ఒకటి పోయింది కదా" అన్నది.

మా అందరికంటే ముందు అమ్మకు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని నాకు లీలగా తెలుసు. అంతకు మించి ఎవరమూ అడగలేదు. ఆ పిల్ల సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. ఏ ఊళ్ళో అని అడిగింది. తెనాలి దగ్గర పల్లెలో. ఎప్పుడు? 1962, కార్తీక మాసం. ఎన్నో రోజున? ఆరో రోజున పాలు పట్టడం మానేసింది, నోరు తెరవలేకపోయింది, ఒళ్ళు విల్లులా బిగుసుకుపోయేది, ఎనిమిదో రోజు తెల్లవారుజామున పోయింది. మా పిల్ల నా వైపు చూసింది. ఇద్దరికీ అర్థమైంది, ధనుర్వాతం. పసిబిడ్డల ధనుర్వాతాన్ని దేశంలో అందరికంటే ముందు, 2003లోనే, అదుపు చేసిన రాష్ట్రం మనది. గర్భిణులకు సూది, శుభ్రమైన కాన్పు, ఊరూరా తిరిగి ఇంకా ఎక్కడైనా ఒక్క బిడ్డ అలా పోయిందా అని అడిగినవాళ్ళు, వీళ్ళందరి పని అది.

"పేరు పెట్టారా అమ్మమ్మా?"

"పురుడు కాకముందే పోయినదానికి పేరెక్కడిదే?" అన్నది అమ్మ. కాసేపటికి తనే, "నేను లోలోపల సీత అని పిలుచుకునేదాన్ని. మీ తాతయ్యకు కూడా చెప్పలేదు" అన్నది.

ఆ పిల్ల పేరు రాసుకుంది. కళ్ళు తుడుచుకుని, పేజీ తిప్పి అడిగింది: "బొడ్డు దేనితో కోశారో గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? చెబుతాను, రాసుకో" అని అమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది.